సగం సగం

పెట్టె ఊరికే ఇస్తాం.
మా యాపారంలో మొదటి మాట అదే.
చోటు నీది, కరెంటు నీది,
పెట్టె మాది, తాళంచెవి మాది,
డబ్బాలో పడింది సగం సగం.
పాకాల నించి పుత్తూరు దాకా
ఎన్ని అంగళ్ళ ముందర చెప్పినానో,
నా మోపెడ్డుకి కూడా నోటికొచ్చేసి ఉంటుంది.

మద్రాసులో పాతబడిన ఆటలు
మా పక్కకి కొత్తగా వస్తాయి.
లారీలోంచి దించేటప్పుడే ఒకదానికి తెర మాడి ఉంటుంది.
రేణిగుంటలో పెట్టిన కారాటకి ఎడమ గుండీ పడదు,
పిలకాయలు నాలుగేండ్లుగా కుడికే తిరగతా ఉండారు.
ఎవురూ అడగలే.

పన్లో చేరిన రోజు మొగిలీశ్వరన్న
స్క్రూడ్రైవరొకటి, రూపాయి బిళ్ళొకటి చేతిలో పెట్టి,
"మనం అమ్మేది ఆట కాదురా,
'ఇంకొక్కసారి' అనే మాటను బాడుగకిస్తాం" అన్నాడు.
తర్వాత దొంగతనాలు నేర్పించినాడు, అంటే పట్టుకునేది:
బిళ్ళకు నూలుపోగు కట్టి మళ్ళీ లాక్కునేటోళ్ళు,
సైకిలు వాచరు వేసేటోళ్ళు,
ఏమీ వెయ్యకుండా పెట్టెను తన్నేటోళ్ళు.
సర్కారు రూపాయిని చిన్నది చేసినప్పుడల్లా
మేం రాత్రంతా మేలుకొని
ఒక్కో పెట్టె గొంతుకీ కొత్త బిళ్ళను మింగడం నేర్పిస్తాం.

తిరుపతి బస్టాండు వెనకాల దేసమ్మ అంగడి.
అక్కడ మాది ఒక గుర్రం. ఫైబరుది. ఒక చెవి లేదు.
రూపాయికి ఒకటిన్నర నిమిషం ఊగుతుంది.
కొండ దిగొచ్చిన పిలకాయలు,
గుండు మీద గంధం ఇంకా ఆరనోళ్ళు,
తల ఆనించి మెడను కావలించుకుంటారు.
నేను కిరసనాయిలు పెట్టి తుడిచినా
ఆ మెడ దగ్గర గంధం వాసనే.

మంగళవారం ఫోను: "గుర్రం నిలబడిపోయింది, రా."
పోయి విప్పితే గొంతులో ఇరుక్కోనుండాది ఒక బిళ్ళ,
ఒళ్ళంతా పసుపు.
డబ్బా బోర్లిస్తే మామూలు చిల్లర మధ్యలో
ఇంకో పది, అట్లాంటివే.
ఒకదానికి పసుపు గుడ్డ పోగు అంటుకోనుంది.

దేసమ్మకి అర్థమైపోయింది నాకంటే ముందే.
"నిన్న ఒక అవ్వ... మనవడు ఒకటే ఏడుపు.
కొంగులోంచి తీసి ఇస్తానే ఉండాది.
నేను చిల్లరేమో అనుకున్యా."

పది సార్లు ఎక్కినాడు వాడు.
పదకొండోది వేసినాడు, గుర్రం కదల్లేదు.
ఎంత ఏడ్చినాడో.
బస్సుకు టైమై ఉంటుంది.

నేను అలవాటుగా కుప్ప చేసి రెండుగా చీల్చబోతే
"ఆ దుడ్లలో నాకు సగం వద్దు నాయనా" అనింది.
నాకూ వద్దు.
పదకొండు ఎట్లా చీల్చినా ఒకటి మిగిలేదే.
అన్నకి ఫోను చేసినా.
ఆ పక్క కాసేపు టీవీ చప్పుడు మాత్రమే.
"రాబడిలో రాయొద్దురా" అన్నాడు కడాకి,
"పోబడిలో కూడా రాయొద్దు."

"హుండీలో నువ్వే ఎయ్యి" అంటే దేసమ్మ ఒప్పుకోలే.
"మొక్కుకున్నోళ్ళు వాళ్ళు.
మధ్యలో మనమెవురం ఏజెంట్లం?"

గొంతు కడిగి, స్ప్రింగు మార్చి,
పని చేస్తాదా లేదా చూడాల కదా,
ఆ ఇరుక్కున్న బిళ్ళనే వేసినా.
గుర్రం ఊగింది.
పైన ఎవురూ లేరు.
ఒకటిన్నర నిమిషం మేమిద్దరం నిలబడి చూస్తా ఉండాం,
దేసమ్మ చెయ్యి మాత్రం
ఎవురో పడిపోతారన్నట్టు జీను పక్కనే పెట్టుకోనుంది.

బిళ్ళలు ఇప్పుడు జర్దా డబ్బాలో, కల్లాపెట్టె వెనకాల.
నెలనెలా పోతా, తాళం తీస్తా,
నీకింత నాకింత అనుకుంటాం.
డబ్బా జోలికి ఇద్దరం పోము.
పోయిన నెల ఎత్తి చూస్తే కొంచెం బరువు పెరిగినట్టుంది.
నేను అడగలే.
గుర్రానికి ఇంకో చెవి ఎప్పుడు తెస్తావని
ఆమె మాత్రం అడిగింది.